హాల్లోకి మొదటి హెచ్‌డీ టీవీ: 32 తీసుకోవాలా, 43 తీసుకోవాలా?

సోఫాకీ టీవీ పెట్టే గోడకీ మధ్య 8 అడుగులుంటే 43 అంగుళాలు తీసుకోండి. 32 బెడ్‌రూమ్‌కి బాగుంటుంది గానీ హాల్లో నెల తిరక్కుండానే చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది.

డబ్బా మీద 'హెచ్‌డీ రెడీ' అని ఉంటే అది సాధారణంగా 1366×768 చుక్కలే (బొమ్మని ఏర్పరిచే పిక్సెళ్లు), ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080, అంటే చుక్కలు దాదాపు రెట్టింపు. 43లో ఫుల్ హెచ్‌డీకి తగ్గొద్దు. 4కేలో అంతకు నాలుగు రెట్లు ఉంటాయి, కానీ 8 అడుగుల దూరం నుంచి 43 అంగుళాల తెర మీద ఆ తేడా కంటికి పెద్దగా ఆనదు, ధర దగ్గర దగ్గరగా ఉంటే తీసుకోండి, లేదంటే వదిలేయండి.

చాలామంది మర్చిపోయేది సెట్‌టాప్ బాక్స్. కొత్త టీవీకి పాత ఎస్‌డీ (హెచ్‌డీ కాని, స్పష్టత తక్కువుండే) బాక్స్‌ని ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతోనే తగిలించి, బొమ్మ మసగ్గా ఉందని టీవీని తిట్టుకుంటారు! హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీ చానళ్ల ప్యాక్, బాక్స్ నుంచి టీవీకి హెచ్‌డీ బొమ్మని తెచ్చే హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ మూడూ ఉండాల్సిందే.

షోరూమ్‌లో కళ్లు చెదిరే రంగులు చూసి పడిపోకండి, అక్కడ రంగుల్ని బాగా పెంచి చూపించే 'వివిడ్' మోడ్‌లో పెడతారు. రిమోట్ అడిగి 'స్టాండర్డ్' లేదా 'సినిమా'కి మార్చి, మామూలు న్యూస్ చానల్ పెట్టించి, ఓ పక్కకి జరిగి చూడండి. పక్కనుంచి రంగులు వెలిసిపోతుంటే, పండక్కి ఇంటినిండా చుట్టాలొచ్చినప్పుడు చివర కూర్చున్నవాళ్ల పని అంతే.