టెక్ సందేహాలు: పోర్టల్‌కు తెలియని లా డిగ్రీ లెక్క

ప్రశ్న: వరంగల్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది చదువుతున్నాను. రెండు బ్యాక్‌లాగులు ఉన్నాయి. వచ్చే సెమిస్టర్‌కు ఐచ్ఛిక సబ్జెక్టులు ఎంచుకోవాలి. ఏ పేపరు ఎప్పుడు పూర్తి చేయాలో, హాజరు ఎంత ఉందో, ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలైందో ఒకే చోట చూపించే మంచి యాప్ ఏదైనా చెప్పగలరా?

జవాబు: హాజరు లెక్కపెట్టే యాప్‌లు ప్లేస్టోర్‌లో చాలానే ఉన్నాయి గానీ, మన లా చదువును దృష్టిలో పెట్టుకుని చేసినవి కాకపోవడం వల్ల అవి మీకు సగం పనికే వస్తాయి. యూనివర్సిటీ పోర్టల్ కూడా ఈ సెమిస్టర్‌కు ఫీజు కట్టారా, ఏయే పేపర్లు రాస్తున్నారు అన్నంత వరకే చూస్తుంది తప్ప, డిగ్రీ చేతికొచ్చేనాటికి న్యాయవిద్యకు నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ అడిగేవన్నీ మీరు పూర్తి చేశారా లేదా అన్నది దాని పని కాదు. అందుకే ఈ లెక్కను మీరే గూగుల్ షీట్స్‌లో రాసుకోవడం మేలని నా అభిప్రాయం.

సెమిస్టర్‌కు ఒక పట్టిక కాకుండా, మొత్తం కోర్సుకు ఒకే పట్టిక పెట్టుకుని, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో వరుస ఇవ్వండి. కోడ్, పేరు, రకం, సెమిస్టర్, జరిగిన క్లాసులు, హాజరైన క్లాసులు, ఫలితం అనే నిలువు గడులు చాలు. ‘రకం’ గడిలో తప్పనిసరి, క్లినికల్ (ఆచరణ శిక్షణ పేపర్లు), ఐచ్ఛికం అనే మూడు మాటలతో డ్రాప్‌డౌన్ పెట్టండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల ప్రకారం తప్పనిసరి న్యాయ పేపర్లు 20, క్లినికల్ పేపర్లు 4, ఐచ్ఛికాలు కనీసం 6 ఉండాలి. ఫలితం గడిలో ‘పాస్’ అని ఉన్న వరుసలను రకాలవారీగా కౌంట్‌ఇఫ్స్ (COUNTIFS) ఫార్ములాతో లెక్కిస్తే, ఇంకా ఎన్ని మిగిలాయో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. ఐచ్ఛికాల జాబితా కాగితం మీద పొడవుగా కనిపించినా, మీ కాలేజీలో బోధించే అధ్యాపకులున్నవే నిజంగా దొరుకుతాయి కాబట్టి, పోర్టల్ తెరుచుకోకముందే ఆఫీసులో కనుక్కుని పట్టికలో నింపుకోండి.

బ్యాక్‌లాగుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2024 జులై 1 నుంచి ఐపీసీ (శిక్షాస్మృతి), సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియా స్మృతి), సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. ఆ పేపర్లలో మీకు బ్యాక్‌లాగ్ ఉంటే, పాత సిలబస్ కోడ్, కొత్త సిలబస్ కోడ్ పోర్టల్‌లో పక్కపక్కనే కనిపించవచ్చు. పేరు చూసి టిక్ పెట్టకుండా, మీ పాత మెమోలోని కోడ్‌ను పరీక్షల నోటిఫికేషన్‌తో సరిచూసుకున్నాకే ఎంచుకోండి. కొత్త సిలబస్ రాయాల్సి వస్తే పాత నోట్సును, చాట్‌బాట్లను నమ్మి సెక్షన్ నంబర్లు బట్టీ పట్టవద్దు. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు కాగా, కొత్త సంహితలో అదే 482 ముందస్తు బెయిలుకు చెందింది. హైకోర్టు అధికారాలు 528కి మారాయి.

హాజరుకు సంబంధించి బార్ కౌన్సిల్ నిబంధన ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం. మీ యూనివర్సిటీ అంతకన్నా ఎక్కువ అడిగితే దాన్నే పాటించాలి. అసాధారణ కారణాలు ఉన్నప్పుడు ఒక సబ్జెక్టులో 65 శాతం ఉన్నా, అన్నీ కలిపి 70 వస్తే డీన్ లేదా ప్రిన్సిపాల్ అనుమతించే వీలుంది గానీ, ఆ వెసులుబాటును నమ్ముకుని ప్రణాళిక వేసుకోకూడదు. ప్రస్తుత శాతం కన్నా, ఇక వరుసగా ఎన్ని క్లాసులకు వెళ్తే గట్టెక్కుతారన్నది మీకు ఎక్కువ ఉపయోగం. జరిగిన క్లాసుల సంఖ్యను 0.7తో గుణించి, అందులోంచి హాజరైనవి తీసేసి, మిగిలినదాన్ని 0.3తో భాగించి, పై పూర్ణసంఖ్యకు సవరించండి. ఉదాహరణకు 40 క్లాసుల్లో 24కు వెళ్లి ఉంటే, ఇక మీదట వరుసగా 14 క్లాసులు మానకుండా వెళ్లాలి. సెమిస్టర్‌లో 14 క్లాసులు మిగిలి లేకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

ఇంటర్న్‌షిప్‌కు రెండో పట్టిక పెట్టండి. మూడేళ్ల కోర్సుకు మొత్తం కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు కావాలి. ఏ ఏడాదిలోనైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. కోర్సు మొత్తం మీద ఒక్కసారైనా ట్రయల్, అప్పీలు న్యాయవాదుల దగ్గర పని చేసి ఉండాలి. ముగింపు తేదీలోంచి మొదటి తేదీ తీసేసి ఒకటి కలిపితే రోజుల సంఖ్య వస్తుంది. అది 28 దాటితే గడి ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకోండి. ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో లొకేల్ అమెరికా అని ఉంటే, మీరు ఆగస్టు 5 అనుకుని 05/08 అని రాసినదాన్ని షీట్ మే 8గా తీసుకుంటుంది. ముందుగా దాన్ని ఇండియాకు మార్చండి.

ప్రశ్న: పరీక్ష ఫీజు యూపీఐలో కట్టాను. డబ్బు పోయింది, పోర్టల్‌లో మాత్రం ‘పెండింగ్’ అంటోంది. రేపే ఆఖరు తేదీ. మళ్లీ కట్టాలా? (గుంటూరు)

జవాబు: వెంటనే మళ్లీ కట్టవద్దు. ముందు మీ యూపీఐ యాప్‌లో లావాదేవీ స్థితి చూసి, యూటీఆర్ నంబరు (లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఉన్న తెరను స్క్రీన్‌షాట్ తీసుకోండి. లావాదేవీ విఫలమైతే లేదా చెల్లింపు ధ్రువీకరణ అవతలికి చేరకపోతే, రిజర్వు బ్యాంకు 2019లో నిర్ణయించిన గడువు ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఉంటుంది. డబ్బు యూనివర్సిటీ ఖాతాకు చేరి పోర్టల్ మాత్రమే మారకపోతే ఆ నియమం వర్తించదు. అప్పుడు యూటీఆర్‌తో పరీక్షల విభాగానికి ఈరోజే మెయిల్ పంపి, కాలేజీ ఆఫీసులో రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. రేపు మధ్యాహ్నానికీ స్థితి మారకపోతే, ఆలస్య రుసుముతో పోలిస్తే రెండోసారి కట్టి తర్వాత రీఫండ్ అడగడమే చౌక కావచ్చు.

ప్రశ్న: విశాఖలో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. రిజిస్ట్రేషన్‌కు అపార్ ఐడీ (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) కావాలంటున్నారు. డిజీలాకర్‌లో పేరు సరిపోలడం లేదు. అలాగే, చదివిన కోర్సుల క్రెడిట్లు అకడమిక్ క్రెడిట్ బ్యాంకులో జమై ఉంటాయి కదా, మూడేళ్లకు బీఏ తీసుకుని బయటికి రావచ్చా?

జవాబు: మన దగ్గర ఇది నిత్యం ఎదురయ్యే చిక్కే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర లేదా పొడి అక్షరంగా ఉంటుంది. 12 అంకెల అపార్ ఐడీ ఆధార్ పేరుతో తయారవుతుంది గనుక, కాలేజీ రికార్డులో మరోలా ఉంటే జత కుదరదు. మెమోను మార్చించడం కన్నా, మెమోలో ఉన్నట్టుగా ఆధార్‌ను సవరించుకోవడమే తేలిక. అయితే ఆధార్‌లో పేరు మార్పునకు జీవితకాలంలో రెండే అవకాశాలున్నాయి కాబట్టి, ప్రతి అక్షరం, ప్రతి ఖాళీ మెమోతో పోల్చి చూసుకుని దరఖాస్తు చేయండి. రేపు న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యేటప్పుడు ఈ శ్రమ కలిసి వస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు: కుదరదు. ఇంటిగ్రేటెడ్ న్యాయ కోర్సును మధ్యలో విడదీసి డిగ్రీ ఇచ్చి పంపడాన్నీ, మధ్యలో చేర్చుకోవడాన్నీ బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. క్రెడిట్ బ్యాంకు సాధారణ డిగ్రీలకు చూపించే వెసులుబాట్లన్నీ మీకూ ఉన్నాయనుకుని ప్రణాళిక వేసుకోకండి.

ప్రశ్న: లా చదువుతూనే ఆన్‌లైన్‌లో కంప్యూటర్ కోర్సు చేయవచ్చా? (కరీంనగర్)

జవాబు: రెండు రెగ్యులర్ కోర్సులు ఒకేసారి చదవకూడదన్న బార్ కౌన్సిల్ నిబంధన నుంచి భాష, కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ అప్లికేషన్లలో స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్ కోర్సులకు, యూనివర్సిటీల దూరవిద్యా కోర్సులకు మినహాయింపు ఉంది. మరో రెగ్యులర్ డిగ్రీకి లేదు. ఏకకాలంలో మరో డిగ్రీ చదువుతున్నారా అన్నదానిపై విద్యార్థుల నుంచి ప్రకటన తీసుకోవాలని బార్ కౌన్సిల్ 2024 సెప్టెంబరులో సర్క్యులర్ ఇచ్చింది గనుక, సందేహం ఉంటే చేరకముందే కాలేజీని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ చేసి అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చేస్తున్నాను. అక్కడ న్యాయవాది కావడానికి న్యూయార్క్ బార్ పరీక్ష రాయాలి. మా యూనివర్సిటీ డిగ్రీ ప్లానర్‌లో అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: ఆ ఆకుపచ్చ రంగు మీకు ఎల్‌ఎల్‌ఎం డిగ్రీ వస్తుందని మాత్రమే చెబుతుంది. బార్ పరీక్షకు అర్హత ఉందని చెప్పదు. మీ ఎల్‌ఎల్‌బీ ఒక్కటే సరిపోతుందా, ఎల్‌ఎల్‌ఎం కూడా అవసరమా అన్నది న్యూయార్క్ బోర్డ్ ఆఫ్ లా ఎగ్జామినర్స్ మీ పత్రాలు చూసి తేలుస్తుంది. ఎల్‌ఎల్‌ఎం అవసరమైతే న్యూయార్క్ 520.6 నియమం ప్రకారం కనీసం 24 క్రెడిట్లు ఉండాలి. వాటిలో వృత్తి నైతికతకు 2, న్యాయ పరిశోధన, రచన, విశ్లేషణకు 2, అమెరికా న్యాయ వ్యవస్థ పరిచయానికి 2, బార్ పరీక్షలో అడిగే సబ్జెక్టులకు 6 తప్పనిసరి. పేటెంట్లో, మధ్యవర్తిత్వమో ఇష్టమని అన్నీ అవే తీసుకున్న విద్యార్థికి డిగ్రీ వచ్చినా ఈ లెక్క తప్పే ప్రమాదం ఉంది. ప్లానర్ పక్కన ఈ నాలుగు గడులతో ఒక చిన్న షీట్ పెట్టుకుని, ఏ కోర్సు ఏ గడి కిందికి వస్తుందో మీ లా స్కూల్ రిజిస్ట్రార్‌తో మెయిల్‌లో ధ్రువీకరించుకోండి. జనవరి సెమిస్టర్‌లో కోర్సులు మార్చుకునే గడువు ముగిసేలోగా ఈ పని పూర్తి కావాలి. అలాగే విదేశీ విద్యార్హతల పరిశీలనకు మీరు ఎల్‌ఎల్‌బీ చేసిన హైదరాబాద్ యూనివర్సిటీ నుంచి మెమోలు నేరుగా బోర్డుకు చేరాలి కాబట్టి, ఆ దరఖాస్తును హైదరాబాద్‌లో ఉన్న ఇంటివాళ్ల చేత ఇప్పుడే మొదలుపెట్టించండి.