ఎర్రాకుల పొద పెంచాలనుకుంటే

చి. సౌ. లలితకు,
మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన అమెరికా బర్నింగ్ బుష్, అదే చలికి ఆకులన్నీ ఎర్రబడే పొద, ఫోటో చూశాను. అందం మాట నిజమే గానీ, అది మన విశాఖకు సరిపడదమ్మా. పొద్దు తగ్గి చలి ముదిరితేనే ఆ ఆకుల్లో పచ్చదనం పోయి ఎరుపు పుడుతుంది. ఆపైన ఆకు రాల్చి చలికాలమంతా నిద్రపోవాలి. మనకు అక్టోబరులో ఉక్కపోత, తుఫాను టెన్షన్ తప్ప ఆ చలి ఎక్కడిది? దాని విత్తనాలకు డబ్బు తగలెయ్యకు.

అకాలిఫా పెట్టు. పసిఫిక్ దీవుల మొక్క, వేడీ తేమా దానికి పుట్టినింటివే. రాగి, ఎరుపు, గులాబీ కలిసిన ఆకు. వదిలేస్తే మనిషెత్తు దాటి, అంత వెడల్పూ పరుచుకుంటుంది.

దీని రంగంతా ఎండలో ఉంది. నీడలో పెడితే ఆకు పచ్చబారి వెలవెలబోతుంది. మీ సీతమ్మధార ఇంటికి తూర్పున అపార్ట్‌మెంట్ అడ్డం కదా, ఆ వైపు వద్దు. దసరా దాటాక సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి దక్షిణపు గోడ పక్కన, మొక్కకూ మొక్కకూ నాలుగడుగుల ఎడం ఇచ్చి నాటు. ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల గెత్తం, కొంచెం ఇసుక కలిపితే చాలు. నీళ్లు మాత్రం నిలవకూడదు. యూరియా జోలికి అసలు పోవద్దు, ఆకు ఏపుగా వస్తుంది గానీ రంగు పలచబడుతుంది.

అందరూ అశ్రద్ధ చేసేది కత్తిరింపు. మొక్క కుదురుకున్నాక ఏటా ఆగస్టు చివర, వాన తెరిపిచ్చిన రోజు చూసి, ప్రతి కొమ్మనూ మూడో వంతు తగ్గించు. కణుపుకి కాస్త పైన, పదునైన కత్తెరతో కొయ్యాలి. పక్క చిగుళ్లు వచ్చి పొద అడ్డంగా గుబురు కడుతుంది, దీపావళి నాటికి కొత్త ఆకులు ఎర్రగా మెరుస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెద్ద పెద్ద చెట్లే కూలిపోయాయి కదా, పొట్టిగా ఉన్న పొదను గాలి అంతగా పట్టదు.

కోసిన కొమ్మలు పారెయ్యకు. పెన్సిల్ లావువి జానెడు ముక్కలు చేసి తడి ఇసుకలో గుచ్చితే వేళ్లు పోస్తాయి.

ఎండాకాలంలో ఆకుల అడుగున పిండినల్లి చూస్తూ ఉండు. కనబడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టు. వారం ఆగి మళ్లీ కొట్టాలి.

నర్సరీలో కొనకు. మా పెరట్లోంచి కొమ్మలు కోసిస్తాను, ఆదివారం అల్లుణ్ణి పంపించు.

ఇట్లు,
మావయ్య