మాయ కిందికి ఉంటే కాన్పు ఎక్కడ?

చెల్లెమ్మా, 32వ వారం స్కానులో మాయ (కడుపులో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా) గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేసి ఉందన్నారని, అయినా కూకట్‌పల్లిలో ఇంటి పక్క నర్సింగ్‌హోమే చాలని మీ అత్తగారు అంటున్నారని రాశావు. నా మాట వింటే అక్కడ వద్దు. మాయ ఇలా ఉంటే నొప్పి లేకుండానే, ఉన్నట్టుండి రక్తస్రావం మొదలవ్వచ్చు. "రక్తం తెచ్చుకోండి" అని చీటీ చేతిలో పెట్టే చోటు నీకు పనికిరాదు.

వెళ్లి నేరుగా అడుగు: రక్తనిధి ఆవరణలోనే ఉందా? రాత్రి రెండింటికి మత్తు డాక్టరు లోపలే ఉంటారా, ఫోను చేస్తే బయలుదేరి వస్తారా? నెలలు నిండని బిడ్డకు వెంటిలేటర్ ఉందా? నా కాన్పప్పుడు ఈ చివరి ప్రశ్నకు ఒకచోట "చూద్దాంలెండి" అన్నారు; ఫైలు చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

ఖర్చే భయమైతే గాంధీ ఆసుపత్రి, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. రద్దీ మాత్రం భరించాలి. రక్తం కనిపిస్తే మాత్రం ఆగకుండా 108కి ఫోను చెయ్యి. ఎక్కడికెళ్లినా ముందు స్కాను రిపోర్టు చూపించు, అది చూడకుండా లోపలి పరీక్ష చేయనివ్వకు.