గోండి ఫాంటు చేస్తున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి, బాబాయి ఆశీస్సులు.

గుంజాల గోండి లిపికి, అదే ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో బయటపడ్డ గోండుల లిపికి, ఫాంటు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వింటున్నంతసేపూ పొంగిపోయాను, ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. డీటీపీలో జుట్టు నెరిసినవాణ్ణి కదా, ఫాంటు అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి పాడైపోయిన ఫైళ్లే.

స్కాన్లు పెద్ద సైజులో తీసుకో, బ్యాకప్ పెట్టుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది.

తెలుగు కోడ్ల మీదే, అంటే తెలుగు అక్షరాలకు కంప్యూటర్లో ఉన్న నంబర్ల మీదే, గోండి బొమ్మలు పెట్టేయమని నీకు ఎవరో ఒకరు చెబుతారు. ‘క’ నొక్కితే గోండి ‘క’ వస్తుంది, కొత్త కీబోర్డు అక్కర్లేదు, పుస్తకం చిటికెలో అచ్చుకెళ్తుంది అంటారు. చెవిన పెట్టకు. తొంభైల్లో తెలుగుకు జరిగిన బాగోతం అదే. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు ఇంకోచోట దూర్చిన ఫాంట్లు. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు, ఫైలులో మాత్రం డాలరు గుర్తులు, బ్రాకెట్లు, రోమన్ ముక్కలు. మా ప్రెస్సులో ఒక పెద్దాయన పల్లెపాటలన్నీ అలాగే కంపోజ్ చేయించుకున్నాడు. కొన్నేళ్లకు రెండో ముద్రణకని ఫ్లాపీలు పట్టుకొచ్చాడు. ఆలోగా ఫాంటు అమ్మినవాళ్లు కొత్త వెర్షన్లో గళ్లు మార్చేశారు. తెరిచి చూస్తే కొమ్ములున్న చోట దీర్ఘాలు, ఒత్తులున్న చోట పొల్లులు. ఆ పాటలు పాడినవాళ్లలో చాలామంది అప్పటికే పోయారు. అచ్చుపుస్తకం ఒక్కటి మిగిలింది కాబట్టి, దాన్ని పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ కొట్టాం. గోండికి ఆ అచ్చుపుస్తకాలైనా ఎన్నున్నాయి చెప్పు?

నీకు ఆ ఖర్మ లేదు. అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్ ఉంది కదా, 2018లో దాని 11.0 వెర్షన్‌లోనే ఈ లిపికి సొంత కోడ్లు వచ్చాయి, 63 అక్షరాలు. చార్టులో ‘ఏ’కు ముందు 11డి66, ‘ఓ’కు ముందు 11డి69 నంబరు గళ్లు ఖాళీగా కనిపిస్తాయి. ఖాళీ ఉంది కదా అని అక్కడ నీకు తోచిన గుర్తు పెట్టావో, వచ్చి చెవి మెలేస్తాను.

కోడ్లు ఐదంకెలవి కాబట్టి ఇంకో తంటా ఉంది. నాలుగంకెల కోడ్లకే అలవాటుపడ్డ కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఒక్క అక్షరాన్ని రెండు ముక్కలుగా లెక్కేస్తాయి. బ్యాక్‌స్పేస్ నొక్కితే సగం పోయి డబ్బా మిగలొచ్చు. అది నీ ఫాంటు తప్పు కాదు, దానికోసం రాత్రంతా మేలుకోకు. కాని జంట అక్షరాలు కలవకపోతే ముందు నీ జీసబ్ రూల్స్, అంటే ఏ అక్షరాలు కలిస్తే ఏ బొమ్మ రావాలో ఫాంటులో నువ్వు రాసినవి, చూసుకుని, తర్వాతే వాటిని చదివి తెర మీద అక్షరాలు పేర్చే షేపింగ్ ఇంజిన్‌ను తిట్టు. హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌లో బాగా వచ్చిందని ఆగిపోకు, విండోస్‌లోనూ చూడు. గూగుల్ నోటో ఫాంట్లలోని గుంజాల గోండి ఫాంటు ఎవరైనా వాడుకోగల ఓపెన్ లైసెన్సుదే, విప్పి చూడటానికి మొహమాటమెందుకు?

అక్షరాల వంపులు మాత్రం తెర ముందు కూర్చుని ఊహించకు. గుంజాలలో దొరికిన రాతప్రతులు 1750 ప్రాంతానివంటారు. వాటిని చదవగల పెద్దలు కొద్దిమందే, వాళ్లుండగానే వెళ్లు. ల్యాప్‌టాప్ కాదు, ప్రింట్లు పట్టుకెళ్లు, చిన్న సైజువి కూడా. చదువుతూ ఏ అక్షరం దగ్గర తడబడ్డారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. వానాకాలం అటు ఒంటరిగా బయల్దేరకు. నవ్వుకుంటే నవ్వుకో, నా భయం నాది.

టెస్టు పేజీ తయారవగానే పంపు. పీడీఎఫ్ కాదు, టెక్స్ట్ ఫైలూ ఫాంటూ విడివిడిగా. నా పాత కంప్యూటర్ ఇంకా పారేయలేదు, అందులో తెరిచి ఏం విరిగిందో చెబుతాను.

మీ బాబాయి