మంచు పడిన రోజు గ్లోబల్ వార్మింగ్ ఎక్కడికి పోతుంది?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా చలిదేశాల్లో ఉన్నవాళ్ళవే. ఒకరేమో ఇక్కడ చలికి చస్తున్నాం ఇంకా వేడెక్కడం ఏంటండీ అంటారు, ఇంకొకరేమో ఆకాశంలో మబ్బు కనిపించినా క్లైమేట్ ఛేంజే అంటారు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: కెనడాలోని కాల్గరీకి వచ్చాక ఇదే మొదటి చలికాలం. పొద్దున ఆఫీసుకి బయల్దేరేటప్పుడు మైనస్ 20 ఉంది, మధ్యాహ్నానికి జాకెట్ విప్పేయాలనిపించింది, మర్నాడు మళ్ళీ గడ్డకట్టే చలి. క్లైమేట్ ఛేంజ్ అంటే ఇదేనా? ఆఫీసులో అడిగితే నవ్వుతున్నారు.

నవ్వారంటే వాళ్ళ తప్పేం లేదులెండి. మీరు చూసింది చినూక్ గాలి, అది అక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే. పసిఫిక్ మీద నుంచి వచ్చే తేమగాలి రాకీ పర్వతాలు ఎక్కేటప్పుడు ఆ తేమంతా వానగానో మంచుగానో అటువైపే దించేసుకుంటుంది, అలా ఆవిరి నీరుగానో మంచుగానో మారేటప్పుడు విడుదలైన వేడి గాలిలోనే ఉండిపోతుంది, ఇక ఇటువైపు పొడిగా కిందికి దిగేటప్పుడు కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతూ వస్తుంది. 1962 జనవరిలో మీ ఆల్బర్టా రాష్ట్రంలోనే పించర్ క్రీక్ అనే ఊళ్ళో గంటలో మైనస్ 19 నుంచి 22 డిగ్రీలకి పోయింది. అమెరికాలో సౌత్ డకోటాలోని స్పియర్‌ఫిష్ కథ ఇంకా విచిత్రం, 1943 జనవరి 22న పొద్దున్నే రెండంటే రెండు నిమిషాల్లో మైనస్ 20 నుంచి 7కి ఎగబాకింది. అప్పట్లో ఎవరూ గ్లోబల్ వార్మింగ్ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

ఈసారి పడమటివైపు చూడండి, పెద్ద విల్లులాగా వంగిన మబ్బు, దాని కింద కొండల మీద ఒక చార మేర నీలం ఆకాశం కనిపిస్తే చినూక్ వస్తోందనే. ఆ వేడికి ముచ్చటపడి జాగ్రత్త మాత్రం వదలొద్దు, మధ్యాహ్నం చూరు నుంచి కారి ఫుట్‌పాత్ మీద నిలిచిన నీళ్ళు రాత్రికి పల్చటి అద్దంలా గడ్డకడతాయి, అసలు కంటికే కనపడవు. కొత్తగా వచ్చినవాళ్ళు జారిపడేది మంచు తుఫానులో కాదు, చినూక్ మర్నాడు పొద్దున.

ప్రశ్న: టొరంటోలో మా బావగారు ప్రతి జనవరిలో ఒకటే జోకు, "ఆ గ్లోబల్ వార్మింగేదో కొంచెం మా ఇంటికి పంపించమ్మా" అని. నాకు చిరాకేస్తుంది కానీ సమాధానం తట్టదు.

మీ బావగారు ఒంటరివాడేం కాదండి. 2015 ఫిబ్రవరి 26న అమెరికా సెనేట్‌లో జేమ్స్ ఇన్‌హోఫ్ అనే సెనేటరు బయట నుంచి మంచు ముద్ద ఒకటి తెచ్చి, ఇదుగో బయట ఎంత చలిగా ఉందో చూడండి అని సభలో విసిరాడు. వాషింగ్టన్‌లో ఆ రోజు చలి నిజమే, ఎవరూ కాదనరు. కానీ అదే చలికాలం అలాస్కాలో ఏమైందో చూడండి, కుక్కలు లాగే బళ్ళ పరుగుపందెం ఇడిటరాడ్ ఉంది కదా, దారిలో మంచు చాలక మార్చి మొదట్లో జరిగిన ఆ పందెం స్టార్టింగ్ పాయింట్‌ని ఇంకా ఉత్తరానున్న ఫెయిర్‌బ్యాంక్స్‌కి మార్చుకోవాల్సొచ్చింది. వాషింగ్టన్‌లో విసిరేంత మంచు, అలాస్కాలో బండి లాగడానికి లేని మంచు, రెండూ పది రోజుల తేడాలోనే! పైగా ఆ 2015 అప్పటిదాకా రికార్డుల్లో ఉన్న అన్ని ఏళ్ళలోకీ వేడి ఏడాది అయింది.

కాబట్టి మీ బావగారితో చలి లేదని వాదించకండి, ఉంది కదా. ఆయన కిటికీ బయట మైనస్ 25 ఉంటే మిగతా భూమంతా ఎలా ఉందని అడగండి, అదే కిటికీ దగ్గర ముప్ఫై ఏళ్ళ కిందట జనవరిలు ఎలా ఉండేవని అడగండి. ఆయన అంత దూరం గుర్తులేదంటే ఫిన్లాండ్‌లో తోర్నియో వాళ్ళకి గుర్తుంది, తోర్నే నది మీద మంచు ఏ రోజు పగిలిందో 1693 నుంచి రాసిపెట్టారు. థర్మామీటర్లు ఊరూరా రాకముందు నుంచి నడుస్తున్న లెక్క అది, గ్లోబల్ వార్మింగ్ కోసం ఎవరో కల్పించిందని అనడానికి కూడా లేదు. ఆ తేదీలు వరసగా చూసుకుంటే మంచు పగలడం రాను రాను ఏడాదిలో ఇంకా తొందరగా జరుగుతూ వచ్చింది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మామూలు కంటే వేడిగా ఉన్న రోజు అడిగితే జనం వాతావరణ మార్పుని ఎక్కువ నమ్ముతామంటారట, చల్లగా ఉన్న రోజు అడిగితే తక్కువ, అమెరికాలో, ఆస్ట్రేలియాలో చేసిన సర్వేల్లో తేలిన సంగతే ఇది. అంటే జనవరిలో మీ బావగారు, జూలైలో ఆయన్ని వెక్కిరించే మీరు, ఇద్దరూ చేస్తున్న పని ఒకటే. (ఈ వాక్యం ఆయనకి చూపించకండి.)

ప్రశ్న: ఆర్కిటిక్ వేడెక్కడం వల్లే మనకి ఎక్కువ చలి వస్తోందని ఒక వీడియోలో చెప్పారు. వేడెక్కితే చలి రావడమేంటి, తలతిక్కగా లేదూ?

వినడానికి తలతిక్కే, కానీ ఆలోచనలో పస లేకపోలేదు. ఆర్కిటిక్, అంటే ఉత్తర ధ్రువ ప్రాంతం, 1979 నుంచి భూమి సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2022లో లెక్కగట్టారు. తెల్లటి మంచు ఎండని వెనక్కి తిప్పికొడుతుంది, అది కరిగాక కింద బయటపడే నల్లటి సముద్రం ఆ ఎండని మింగేస్తుంది, దాంతో ఇంకా కరుగుతుంది, వేగానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇక చలి సంగతి. ధ్రువం పైన చాలా ఎత్తులో చలికాలమంతా ఒక గాలి సుడి తిరుగుతూ ఉంటుంది, పోలార్ వోర్టెక్స్ అంటారు, అది బొంగరం లాంటిది, జోరుగా తిరిగినంతసేపు ఉన్నచోటే ఉంటుంది, కింద నుంచి దెబ్బ తగిలి జోరు తగ్గిందా, ఊగి పక్కకి ఒరుగుతుంది, చీలిపోతుంది కూడా, అప్పుడు ధ్రువం చలి కిందికి జారుతుంది. 2018 ఫిబ్రవరి చివర్లో బ్రిటన్‌ని మంచులో ముంచిన "బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్" అలా వచ్చిందే.

ఈ బొంగరం ఒరగడం ఆర్కిటిక్ వేడి వల్ల ఎక్కువైందా, జెట్ స్ట్రీమ్ (ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జోరుగా పారే గాలి) మెలికలు తిరగడం దానివల్లేనా అన్నది మాత్రం 2012 నుంచి శాస్త్రవేత్తలు కొట్టుకుంటూనే ఉన్నారు, ఇంకా తేలలేదు. వీడియోలో తేలిపోయినట్టు చెప్పుంటే ఆ ఒక్క ముక్కా తీసేసి వినండి. వాదన లేని విషయం ఏంటంటే తీవ్రమైన చలి రోజులు మొత్తం మీద తగ్గుతున్నాయి. తగ్గడమంటే అసలు రాకపోవడం కాదు, 2024 జనవరిలో స్వీడన్ ఉత్తరాన మైనస్ 43.6 నమోదైంది, ఆ దేశంలో జనవరి నెలకి పాతికేళ్ళలో అంత చలి లేదు, ఆ 2024 కూడా ప్రపంచం మొత్తానికి అత్యంత వేడి ఏడాదిగానే ముగిసింది.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా పక్కింటి పెద్దాయన "1976లో ఇంతకంటే ఎండలు చూశాం, ఇదో లెక్కా" అంటాడు. నిజమేనా?

1976 ఎండలు నిజం, నీళ్ళ కరువూ నిజం, పెద్దాయన అబద్ధం చెప్పట్లేదు. ఇంతకంటే అన్నదే తప్పు. ఆ ఏడాది బ్రిటన్‌లో గరిష్ఠం 35.9 డిగ్రీలు. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3. దానికి ముందున్న రికార్డు కూడా పాతదేం కాదు, 2019లో కేంబ్రిడ్జిలో వచ్చిన 38.7. ఇంకొకటి, 1976లో ఆ వేడి బ్రిటన్‌కీ పశ్చిమ యూరప్‌కీ పరిమితం, ప్రపంచ పటం తీసి చూస్తే చాలా చోట్ల మామూలు కంటే చల్లగానే ఉంది. 2022 పటంలో చాలా చోట్ల ఎరుపే, అంటే మామూలు కంటే వేడి.

40 డిగ్రీలకి ఇంత గోలెందుకు అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, నాకు ఈ మాట నచ్చదు. అక్కడి ఇళ్ళు వేడి బయటకి పోకుండా కట్టినవి, ఏసీలుండవు, రాత్రి కూడా గోడలు చల్లారవు. 2021 జూన్ చివర్లో కెనడాలో బ్రిటిష్ కొలంబియాకి అదే గతి పట్టింది. అంతవరకూ కెనడా మొత్తానికి రికార్డు 1937లో సస్కాచ్వాన్‌లో వచ్చిన 45 డిగ్రీలు, లిట్టన్ అనే చిన్న ఊరు వరసగా మూడు రోజులు దాన్ని దాటుకుంటూ జూన్ 29న 49.6కి పోయింది, మర్నాడు మంటలు అంటుకుని దాదాపు ఊరంతా కాలిపోయింది. ఆ రాష్ట్రంలో ఆ వేడికి 619 మంది చనిపోయారని తర్వాత విచారణలో తేలింది, దాదాపు అందరూ ఇళ్ళలోనే, ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళు, సగానికి పైగా ఒంటరిగా బతుకుతున్నవాళ్ళు. కాబట్టి మీ పెద్దాయనతో 1976 గురించి ఎంతైనా వాదించుకోండి కానీ వచ్చే వేసవిలో అలర్ట్ వచ్చిన రోజు మాత్రం సాయంత్రం ఒకసారి తలుపు కొట్టి చూడండి.

ప్రశ్న: చలిదేశాలకి కాస్త వేడి మంచిదే కదా సార్, హీటింగ్ ఖర్చు తగ్గుతుంది, పంటలు పండుతాయి. దీనికింత ఏడుపెందుకు?

2003లో మాస్కోలో వాతావరణ మార్పు సదస్సులోనే పుతిన్ ఇలాంటి జోకే వేశాడు, రెండు మూడు డిగ్రీలు పెరిగితే బొచ్చు కోట్ల ఖర్చు తగ్గుతుందని. మీరన్న లాభాలు ఉత్తివి కావు, హీటింగ్ తగ్గుతుంది, పంటకాలం పెరుగుతుంది, ఒప్పుకుంటాను. నష్టం ఎక్కడంటే అక్కడి బతుకంతా గడ్డకట్టడం మీదే కట్టుకున్నారు. సైబీరియాలో, అలాస్కాలో ఇళ్ళు, పైపులు, రన్‌వేలు ఎప్పుడూ కరగని నేల మీద ఉన్నాయి, ఇప్పుడా నేల మెత్తబడి గోడలు బీటలేస్తున్నాయి. కెనడా ఉత్తరాన కొన్ని ఊళ్ళకి లారీలు వెళ్ళేది చలికాలంలో గడ్డకట్టిన నదులు, సరస్సుల మీదే, ఆ మంచు ఆలస్యంగా కట్టి ముందే కరిగితే సామాను విమానంలో దించాలి, ఆ ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు?

రెయిన్‌డీర్ల సంగతి ఇంకా ఘోరం. వాటికి మైనస్ 40 ఏం చేయదు, కాలి గిట్టలతో మంచు తవ్వి కిందున్న నాచులాంటి లైకెన్లు తింటాయి. చలికాలం మధ్యలో మంచు మీద వాన పడి ఆ తడి గడ్డకట్టిందంటే పైన గట్టి పలక ఏర్పడుతుంది, గిట్ట దిగదు, తిండి వాసన తగులుతుంటుంది కానీ నోటికి అందదు. 2013 నవంబరులో రష్యాలోని యమల్‌లో ఇలాగే జరిగి దాదాపు 61 వేల రెయిన్‌డీర్లు ఆ చలికాలం ఆకలితో చచ్చిపోయాయి. వాటిని చంపింది చలి కాదండీ, చలి లేకపోవడం. వేసవి సంగతి చెప్పాలంటే 2023 ఆగస్టులో అడవి మంటలకి కెనడాలో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ రాజధాని ఎల్లోనైఫ్ నగరాన్నే ఖాళీ చేయించారు, దాదాపు 20 వేల మంది. హీటింగ్ బిల్లులో మిగిలింది దీనికి సరిపోతుందేమో మీరే లెక్కేసుకోండి.

ప్రశ్న: రేపటి వాన సరిగ్గా చెప్పలేనివాళ్ళు 2100 గురించి ఎలా చెప్తారు?

రేపటిది ఇప్పుడు బాగానే చెప్తున్నారండి, ఈనాటి ఐదు రోజుల అంచనా 1980లో ఒక్క రోజు అంచనాతో సమానం. తప్పినవే మనకి గుర్తుంటాయి, అంతే. ఇక 2100లో ఫలానా మంగళవారం వాన పడుతుందని ఎవరూ చెప్పట్లేదు. వచ్చే జనవరి 17న ఓస్లోలో ఎంత ఉంటుందో నాకు తెలీదు, కానీ జూలై కంటే చల్లగా ఉంటుందని ఎంత పందెమైనా కాస్తాను, ఎందుకంటే అది ఎండ లెక్క. అలాగే ఇది కార్బన్ డయాక్సైడ్ లెక్క, గాలిలో అది పెరిగేకొద్దీ భూమి వేడెక్కుతుంది. స్వీడన్‌లో స్వాంటే అరేనియస్ అనే శాస్త్రవేత్త 1896లోనే కాగితం మీద ఈ లెక్క వేశాడు, చలిదేశం మనిషి కదా, వేడెక్కితే మంచిదేలే అనే అనుకున్నాడు కూడా. 1967లో స్యుకురో మనాబే అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్‌తో వేసిన మోడల్ ఇప్పటికీ నిలబడింది, ఆయనకి 2021లో నోబెల్ ఇచ్చారు.

ప్రశ్న: నెదర్లాండ్స్‌లో పదకొండు ఊళ్ళ స్కేటింగ్ పందెం ఎల్ఫ్‌స్టెడెన్‌టోక్ట్ ఒక్కసారైనా చూడాలని కోరిక. ఎప్పుడు ప్లాన్ చేసుకోమంటారు?

ప్లాన్ చేసుకునేది కాదండి అది. 200 కిలోమీటర్ల దారి పొడుగునా కాలవల్లో 15 సెంటీమీటర్ల మందాన మంచు కడితేనే పెడతారు, చివరిసారి పెట్టింది 1997 జనవరి 4న. అప్పట్నుంచీ నిర్వాహకులు ప్రతి చలికాలం ఎదురుచూస్తూనే ఉన్నారు, 2012లో దగ్గర దాకా వచ్చి ఆగిపోయింది. స్కేటింగ్ మీద మరీ అంత మోజుంటే ఆస్ట్రియాలోని వైసెన్సే సరస్సుకి వెళ్ళండి, డచ్ వాళ్ళే 1989 నుంచి జనవరిలో అక్కడికెళ్ళి వేలమంది కలిసి 200 కిలోమీటర్లు కొడుతున్నారు.