రెండు భాషల్లో పాడే బ్యాండ్‌కి శ్రోతలు చీలిపోతారా?

మీ ప్రశ్న ఇది: స్పానిష్, ఇంగ్లీష్ రెండింట్లోనూ పాడే లాటిన్ రాక్ బ్యాండ్లు పెద్ద కంపెనీ అండ లేకుండా ఎలా పైకొస్తాయి, రెండు భాషలు పెట్టుకుంటే వినేవాళ్ళు చీలిపోరా అని.

నేను చూసినంతలో చీలిపోరు. లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మూడేళ్ళపాటు శని, ఆదివారాలు ఒక చిన్న బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించాను. మిగతా ముగ్గురూ అక్కడే పుట్టి పెరిగిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీష్. పెళ్ళిళ్ళకీ, ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే చేసే కిన్సెన్యేరా వేడుకలకీ వెళ్ళేవాళ్ళం. మాకందరికీ గురుస్థానంలో ఉన్న బ్యాండ్ లోస్ లోబోస్. అంటే తోడేళ్ళు. వాళ్ళ కథ చెబితే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్, సీజర్ రోసాస్, కాన్రాడ్ లొజానో. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కుర్రాళ్ళు. అప్పటికే రాక్ వాయిస్తున్నవాళ్ళు, 1973లో ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఇంట్లో పెద్దవాళ్ళు వినే పాత మెక్సికన్ పాటల్ని రికార్డులు పెట్టుకుని, ఒక్కో చరణం మళ్ళీ మళ్ళీ వింటూ నేర్చుకున్నారు. దానికోసం గిటారాన్ అనే పెద్ద మంద్రస్వరపు గిటార్, హరానా అనే చిన్న గిటార్ లాంటి వాయిద్యాలు పట్టారు.

గిటారాన్ ఎంత కష్టమో నాకు మా డ్రమ్మర్ పెదనాన్న ఇంట్లో తెలిసింది. వెనకవైపు పొట్ట ఉబ్బి ఉంటుంది, పట్టుకుంటే పెద్ద గుమ్మడికాయని కావలించుకున్నట్టే. వీణకున్నట్టు మెట్లు ఉండవు. ఒకే స్వరాన్ని పై స్థాయిలో, కింది స్థాయిలో రెండు తీగల మీద ఒకేసారి లాగాలి. పది నిమిషాలకి నా వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ పెద్దాయన ఏమీ అనకుండా నా చెయ్యి తీసుకుని, వేళ్ళతో కాదు, మొత్తం మణికట్టుతో లాగమని చూపించారు.

ఆయన వాయించిన సోన్ హరోచో, అంటే మెక్సికోలోని వెరాక్రూజ్ వైపు జానపదంలో ఒక నడక ఉంది. తాళంలోని ఆరు అక్షరాల్ని ఒకసారి మూడేసి చొప్పున రెండు ముక్కలు చేస్తారు, వెంటనే రెండేసి చొప్పున మూడు ముక్కలు చేస్తారు. చిన్నప్పుడు రాజమండ్రిలో మృదంగం మాస్టారు తొడ మీద తాళం వేయిస్తూ నేర్పిన లెక్క ఠక్కున గుర్తొచ్చింది. స్పానిష్ ముక్క రాకపోయినా ఆ ఇంట్లో నేను పరాయివాణ్ణి అనిపించకపోవడానికి కారణం అదే.

లోస్ లోబోస్ దాదాపు ఏడేళ్ళు పెళ్ళిళ్ళలో, రెస్టారెంట్లలో వాయించారు. 1978లో తమంతట తాము ఒక ఆల్బమ్ తెచ్చారు, అంతా జానపద పాటలే. బ్యాండ్ తయారైంది ఆ ఏడేళ్ళలోనే అని నా గట్టి నమ్మకం. పెళ్ళి హాల్లో మీ ముందు అభిమానులు ఉండరు. కుర్చీలో మామ్మ ఉంటుంది, ఆవిడ కొడుకు ఉంటాడు, స్పానిష్ సరిగ్గా రాని మనవలుంటారు. ముగ్గురినీ లేపాలి. ఒక పెళ్ళిలో మేము ఇంగ్లీష్ రాక్ పాట ముగించి, ఆపకుండా అదే శ్రుతిలో రాంచేరా అనే పాత మెక్సికన్ పల్లెపాట ఎత్తుకున్నాం. అప్పటిదాకా గెంతుతున్న ఒక కుర్రాడు వెళ్ళి మామ్మ చెయ్యి పట్టుకుని లేపుకొచ్చాడు. ఆవిడ మాటలు పాడుతోంది, వాడు పెదాలు కదుపుతున్నాడు. భాష మారినందుకు ఒక్కరూ వెళ్ళి కూర్చోలేదు.

అసలు చిక్కు సొంత పేట దాటినప్పుడు వస్తుంది. లాస్ ఏంజెలెస్ నది కాంక్రీటు కాలవలా ఉంటుంది. దానికి తూర్పున వీళ్ళ పేటలు, పడమట హాలీవుడ్ క్లబ్బులు. 1980లో ఒలింపిక్ ఆడిటోరియంలో జాన్ లైడన్ బ్యాండ్ పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్‌కి ముందు వీళ్ళు జానపద వాయిద్యాలతో ఎక్కారు. పంక్ అనే దురుసు రాక్ వినడానికొచ్చిన జనం చేతికందినవన్నీ విసిరారు, ఉమ్మేశారు. అక్కడితో మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కానీ వాళ్ళు కరెంటు గిటార్లు మళ్ళీ పట్టుకుని, అకార్డియన్ కూడా కలుపుకుని అవే క్లబ్బులకి తిరిగి వెళ్ళారు. బ్లాస్టర్స్ అనే బ్యాండ్ వీళ్ళని చేరదీసింది, చిన్న కంపెనీ స్లాష్ రికార్డ్స్ దాకా దారి దొరికింది. 1983లో వచ్చిన చిన్న రికార్డు డబ్బులతో ఒక డాడ్జ్ వ్యాన్ కొనుక్కుని మొదటిసారి దేశమంతా తిరిగారు. ఆ రికార్డులోని స్పానిష్ పాట 'అన్సెల్మా'కి గ్రామీ కూడా వచ్చింది.

1987లో, 1950ల నాటి మెక్సికన్ అమెరికన్ రాక్ గాయకుడు రిచీ వాలెన్స్ జీవితం మీద తీసిన సినిమా కోసం 'లా బాంబా' పాడారు. పూర్తిగా స్పానిష్ పాట, అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయింది. ఇంకెవరైనా అయితే అలాంటిదే ఇంకోటి చేసేవాళ్ళు. వీళ్ళు మరుసటి ఏడాది 'లా పిస్తోలా ఇ ఎల్ కొరాసోన్' పేరుతో మళ్ళీ పాత వాయిద్యాలతో, మొత్తం స్పానిష్‌లో జానపద ఆల్బమ్ తెచ్చారు. అమ్ముడుపోదని తెలిసీ చేశారనుకుంటాను. నాకు వాళ్ళ మీద ఉన్న గౌరవమంతా ఆ నిర్ణయం దగ్గర మొదలవుతుంది. 1992లో వచ్చిన 'కికో' ఆల్బమ్‌లో ఉన్న ధైర్యం కూడా అక్కణ్ణుంచే వచ్చింది.

మాకూ ఒక చేదు అనుభవం ఉంది. ఒక బార్ యజమాని రెండు వారాలు వాయించనిచ్చి, ఏదో ఒక భాష ఎంచుకుని రండి అన్నాడు. డబ్బు అవసరం కాబట్టి నెలరోజులు ఇంగ్లీష్ పాటలే వాయించాం. మా గాయకుడు ఆ నెలంతా కళ్ళు మూసుకుని పాడలేదు. స్పానిష్ పాటల్లో మాత్రమే అలా పాడతాడని అప్పుడే గమనించాను. నెల తిరగ్గానే ఆ బార్ మానేశాం.

మీరు బ్యాండ్ పెట్టే ఆలోచనలో ఉంటే ఒక్క మాట. ఒకే పాటని రెండు భాషల్లోకి మార్చి పాడకండి, రెండూ పలచనవుతాయి. ఏ పాట ఏ భాషలో పుడితే అందులోనే వదిలేయండి. 2008లో మొదలైన చికానో బ్యాట్‌మ్యాన్ అనే బ్యాండ్ చేసింది అదే. కుచ్చుల చొక్కాలు వేసుకుని, అమ్మానాన్నల కాలం నాటి లాటిన్ పాటల ఛాయలో స్పానిష్‌లో పాడుతూ లాస్ ఏంజెలెస్‌లోనే జనాన్ని సంపాదించుకున్నారు. 2015లో కోచెల్లా అనే పెద్ద సంగీతోత్సవం వేదిక ఎక్కారు. 2017లో ఇండిపెండెంట్ కంపెనీ ఏటీవో ద్వారా వచ్చిన ఆల్బమ్‌లో ఇంగ్లీష్ పాలు బాగా పెరిగింది. స్పానిష్ మాత్రం పోలేదు.

ఇవన్నీ వినే తీరిక లేకపోతే లోస్ లోబోస్ 'లా బాంబా' ఒక్కటి పెట్టుకుని చివరిదాకా ఆగండి. చాలామంది ముందే ఆపేస్తారు. చివర్లో కరెంటు గిటార్లు పక్కకి తప్పుకుంటాయి, హరానా మీద పాత వెరాక్రూజ్ పద్ధతిలో అదే పాట మళ్ళీ మొదలవుతుంది. పెళ్ళిళ్ళలో వాయించినట్టే.