గోలీ ఎక్కడ ఆగిపోయింది?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. బడి నుంచి రాగానే ఫోన్ పట్టుకుని ఓ మూల కూర్చుంటాడు. నలుగురితో కలుస్తాడని ఇరుగుపొరుగు పిల్లల్ని ఐదుగురిని పిలిచి, ఆదివారాలు ఇంట్లోనే చేతిపనుల క్లబ్బు మొదలుపెట్టాం. అందరూ కలిసి అట్టలతో పెద్ద కోట కట్టాలని మావారి ఆలోచన. మూడు వారాలకే రచ్చ. పదకొండేళ్ల అబ్బాయి ఒకడు అంతా తనే చేసేస్తాడు. మిగతావాళ్లు పోట్లాడుకుంటారు. మావాడు పక్కన కూర్చుని చూస్తుంటాడు. జిగురుని వేడిచేసి కార్చే గ్లూ గన్ తగిలి ఒక పాపకి వేలు కాలింది. బాగా చేసినవాళ్లకి బహుమతి అని మావారు ప్రకటించాక గొడవ ఇంకా ముదిరింది. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది. మావాడికి నలుగురిలో కలిసే గుణమే లేదా? క్లబ్బు ఆపేయమంటారా?

జవాబు: క్లబ్బు ఆపొద్దు. కోటను మాత్రం ఆపేయండి.

ఆరుగురు పిల్లల ముందు ఒకే కోట పెడితే, ఒకేసారి చేతులు పెట్టడానికి ఇద్దరికో ముగ్గురికో చోటుంటుంది. మిగిలినవాళ్లకి దక్కేది చూడటం, లేదంటే తగువు. చెయ్యి తిరిగినవాడు దూసుకొస్తాడు, నెమ్మదస్తుడు వెనక్కి జరుగుతాడు. దీన్ని బట్టి మీవాడి గుణం తేల్చెయ్యకండి. పెద్దవాళ్లని అలా కూర్చోబెట్టినా జరిగేది అదే. పిల్లల్ని మార్చాలనుకునే ముందు పనిని మార్చి చూడండి.

ఎవరి ముక్క వాళ్లు చేసుకోవాలి, కానీ పక్కవాళ్ల ముక్కతో కలిస్తేనే అది పనిచెయ్యాలి. పని అలా ఉండాలి. దీనికి గోలీ గోడ చక్కగా సరిపోతుంది. మందపాటి అట్టపెట్టెల్లోంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పలకలు మూడు కోసి పెట్టండి. ఇద్దరికి ఒక పలక. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక రెండు పొడవాటి కర్రలకి క్లిప్పులతో బిగిస్తే మీటరున్నర గోడ అవుతుంది. పైన వదిలిన గోలీ మూడు పలకలూ దాటి కింద గిన్నెలో పడాలి. షరతు ఒక్కటే. గోలీ ప్రతి పలకలోకి పై అంచు నడిమధ్య నుంచి దిగాలి, కింది అంచు నడిమధ్య నుంచి పోవాలి. ఆ రెండు చోట్లా ముందే పెన్సిలుతో గీత గీసి ఇవ్వండి. లోపల అది ఎన్ని వంకర్లు తిరగాలో ఆ జంట ఇష్టం.

దారుల కోసం టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టాలని నిలువునా సగానికి కోసి, జంటకి ఎనిమిది ముక్కలివ్వండి. వాటితో పాటు 3 సెంటీమీటర్ల వెడల్పు అట్ట పట్టీలు పది. అతికించడానికి మాస్కింగ్ టేపు. మొదటి వారం జిగురే వద్దు. ఒక్కో దారి వాలుని పిల్లలు నాలుగైదుసార్లు మార్చాల్సొస్తుంది. మాస్కింగ్ టేపు పీకి మళ్లీ అంటించొచ్చు. సెల్లో టేపైతే పీకినప్పుడల్లా అట్ట పైపొర లేచిపోతుంది, రెండోసారి అక్కడ ఏదీ అంటుకోదు.

ఎక్కడ చెడుతుందో మీకు ముందే తెలిసుండాలి, కానీ పిల్లలకి ముందే చెప్పకూడదు. పది సెంటీమీటర్ల గొట్టానికి ఒక సెంటీమీటరు వాలు చాలు. మూడు దాటిందంటే గోలీ వేగం అందుకుని మలుపు దగ్గర బయటికి దూకేస్తుంది. రెండు గొట్టాలు కలిసే చోట పైది కింది దాని మీదికి కొంచెం రావాలి, ఇంటి పెంకులు పేర్చినట్టు. తిరగేసి పెడితే గోలీ కింది గొట్టం అంచుకి కొట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. మొదటిరోజు ఎక్కువసార్లు జరిగే పొరపాటు ఇదే. మలుపులో దారి చివరికీ, ఎదురుగా నిలబెట్టిన పట్టీకీ మధ్య సందు ముఖ్యం. గోలీ 16 మిల్లీమీటర్లుంటే సందు రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. తగ్గితే ఇరుక్కుంటుంది, మరీ పెరిగితే పక్కకి పోతుంది. గోడని నిటారుగా పెట్టినా గోలీ ముందుకి జారిపడుతుంది. అడుగు భాగాన్ని ఇంటి గోడకి ముప్ఫై సెంటీమీటర్ల దూరం జరిపి, పైభాగం దానికి ఆనించండి.

ఇక పలకా పలకా కలిసే చోటు. పై జంట దారి గీత నుంచి ఒక్క సెంటీమీటరు పక్కకి తప్పినా గోలీ నేలపాలే. అప్పుడు “నీ వల్లే”, “కాదు, నీదే వంకర” అని మొదలవుతుంది. మీరు తీర్పు చెప్పకండి. “ఇంకోసారి వదలండి, ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించండి” అని మాత్రం అనండి. నలుగురూ వంగి ఒకే చోట చూస్తారు. తప్పు ఫలానా వాడిదని ఎవరూ అనక్కర్లేదు, ఎక్కడుందో గోలీయే చూపిస్తుంది. ఒకరు పై పలక పట్టుకుంటే ఇంకొకరు కింది గొట్టం జరపాలి. మాట్లాడుకోమని మీరు చెప్పకుండానే మాట్లాడుకుంటారు.

జంటలు కట్టడం మాత్రం మీ చేతుల్లో పెట్టుకోండి. ఆ పదకొండేళ్ల అబ్బాయిని మీవాడితో కలపొద్దు. వాడికి ఎదురు చెప్పగలిగే గట్టి పిల్లనో పిల్లాణ్నో జత చెయ్యండి. మీవాడికి తన వేగంలోనే నడిచే తోడు కావాలి, వయసులో చిన్నవాళ్లైనా ఫర్వాలేదు. లీడరు అనే పదవి ఎవరికీ వద్దు. కత్తెరలు తలా ఒకటి ఉండాలి, కత్తెర కోసం ఎదురుచూపులే సగం తగువులకి మూలం. టేపు మాత్రం కావాలనే ఇద్దరికి ఒకటి ఇవ్వండి. ఒకరు పట్టుకుంటే ఒకరు చింపాలి, అది పని కలుపుతుంది. ఇంకొక కట్టుబాటు: అవతలి జంట పలకని అడగకుండా ముట్టుకోకూడదు. “పట్టుకోనా?” అని అడగాలి. ఈ ఒక్క మాట అలవాటైతే ఆ పదకొండేళ్ల అబ్బాయి దూకుడు చాలామటుకు సర్దుకుంటుంది. వాడిది చెడ్డతనం కాదు, చేతులు ఊరుకోవు, అంతే.

మీవాడు చూస్తూ కూర్చుంటే కంగారుపడకండి. కొందరు పిల్లలు చేతులు పెట్టేముందు చాలాసేపు కళ్లతోనే చేస్తారు. వెనక నుంచి “వెళ్లు, ఆడు” అని తోస్తే ఇంకా ముడుచుకుంటాడు. దానికి బదులు అందరికంటే పావుగంట ముందు వాణ్ని కూర్చోబెట్టి, గొట్టాలూ పట్టీలూ లెక్కపెట్టి మూడు పళ్లేల్లో సర్దమనండి. వచ్చినవాళ్లు “టేపెక్కడ?” అని వాణ్నే అడుగుతారు. కొత్తవాళ్లతో మాట కలపలేని పిల్లాడికి, జవాబు తెలిసిన ప్రశ్న ఎదురవ్వడం కంటే మంచి మొదలు ఉండదు. సాయంత్రం “ఏం చేశావు?” అని అడిగితే “ఏం లేదు” అంటాడు. “గోలీ ఎక్కడ ఆగిపోయింది?” అని అడిగి చూడండి.

మీవారి విషయానికొద్దాం. “అంకుల్, ఇది మీరు చేసిపెట్టండి” అని పిల్లలు ఇచ్చినప్పుడు, ఆ వస్తువు మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పండి. ఒక వృథా ముక్క తీసుకుని దాని మీద ఎలాగో చూపించి, వాళ్లది వాళ్లకే తిరిగివ్వాలి. పెద్దవాళ్లు సరిచేసిన గొట్టం నున్నగా ఉంటుంది కానీ, దాని మీద పిల్లలకి ఆసక్తి పోతుంది. బహుమతి కూడా ఈ ఆదివారమే వెనక్కి తీసుకోమనండి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ చూపించిన పిల్లలు, ఆ తర్వాత ఖాళీ సమయంలో మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు గీశారు. అనుకోకుండా ఇచ్చిన సర్టిఫికెట్ అలాంటి నష్టం చెయ్యలేదు. మీ ఇంట్లో దీనికి తోడు పోటీ కూడా కలిసింది. పక్కవాడి గొట్టం పడిపోతే సంతోషపడే పరిస్థితి తెచ్చిపెట్టి, కలిసి చెయ్యమంటే ఎలా?

గ్లూ గన్ మూడో నాలుగో వారం దాకా తియ్యకండి. తీసినా తక్కువ వేడి రకమే వాడండి. అందులో జిగురు సుమారు 120 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మామూలు రకంలో 190 దాకా పోతుంది. ఒకే బల్ల, పక్కన ఒక పెద్ద మనిషి, ఒకసారికి ఒక్కరే. గొట్టాన్ని వేలితో అదిమితే పక్కల నుంచి వేడి జిగురు ఉబికి చర్మానికి అతుక్కుంటుంది. ఆ పాపకి కాలింది బహుశా అలాగే. పుల్లతో అదమడం నేర్పండి. కాలితే వెంటనే 20 నిమిషాలు పంపు నీళ్ల కింద పెట్టాలి. ఐసు, టూత్‌పేస్టు పెట్టకూడదు. బొబ్బ వస్తే డాక్టరుకి చూపించండి.

రెండేళ్ల పాప ఉందన్నారు. గోలీ ఆ వయసులో గొంతుకి అడ్డంపడే వస్తువు. పన్నెండు గోలీలు లెక్కపెట్టి ఇచ్చి, పన్నెండూ లెక్కపెట్టి తీసుకున్నాకే తలుపు తియ్యండి. ఆ గంటన్నర పాప వేరే గదిలో ఇంకొకరి దగ్గర ఉండాలి. కాగితం మీద బల్బులు వెలిగించే బటన్ బ్యాటరీ పనులు ఇప్పట్లో వద్దే వద్దు. మింగిన బటన్ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చెయ్యగలదు. అలా జరిగిందన్న అనుమానమొచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

సమయం గంటన్నర మించొద్దు. చివరి పావుగంట సర్దడానికే. పని మధ్యలో ఆగిపోయినా ఫర్వాలేదు, సగంలో ఉన్నదే వాళ్లని మళ్లీ రప్పిస్తుంది. పూర్తయ్యాక ఎవరింటికి పోవాలన్న పంచాయితీ మొదటిరోజే తేల్చండి. మొత్తం గోడకి ఒక ఫొటో, తర్వాత క్లిప్పులు విప్పి ఏ పలక ఆ జంటకి. జంటలో ఎవరు తీసుకెళ్లాలన్నది చీటీ వేసుకుంటే సరి. కోటతో ఈ వీలు ఉండేది కాదు.

నాలుగు ఆదివారాలు ఇలా నడపండి. అప్పటికీ మీవాడు జంటలో ఒక్క మాటైనా మాట్లాడకపోయినా, బడిలో కూడా ఎవరితోనూ కలవట్లేదని టీచరు చెప్పినా, నిద్రా తిండీ తగ్గినట్టు కనిపించినా పిల్లల సైకాలజిస్టుకి ఒకసారి చూపించండి. అవేవీ లేకపోతే, అయిదో వారం పలకల వరస మార్చి, కింద ఉన్న జంటని పైకి పంపండి. మధ్య గీతలు సరిగ్గా పాటించినవాళ్లెవరో అప్పుడు తెలుస్తుంది, మళ్లీ టేపు బయటికొస్తుంది.